లేవీయకాండంలోని ఐదు బలులు మన రోజువారీ జీవితంలోకి: ఒక్కో అడుగుగా ఆచరించే పద్ధతి

బైబిల్లో ఆదికాండం, నిర్గమకాండం ఆసక్తిగా చదివినవాళ్లు కూడా మూడో పుస్తకమైన లేవీయకాండం మొదటి పేజీల్లో తడబడతారు. కొవ్వు, మూత్రగ్రంథులు, రక్తం, బూడిద. ఇవన్నీ మనకెందుకు అనిపిస్తుంది. నేను కూడా చాలా ఏళ్లు బలుల గురించిన ఆ మొదటి ఏడు అధ్యాయాల మీదుగా వేగంగా వెళ్లిపోయాను. తర్వాత ఒకసారి నెమ్మదిగా చదివితే ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. మన సంఘాల్లో కానుక అంటే ఆదివారం కవరు. ఆ కవరు వేసేస్తే అర్పణ అయిపోయినట్టే. ఇశ్రాయేలీయుడికి మాత్రం అర్పణ అంటే బాకీ తీర్చడం, తప్పు ఒప్పుకోవడం, తనను పూర్తిగా అప్పగించుకోవడం, చేతిపనిలో మొదటి గుప్పెడు తీయడం, పదిమందితో కలిసి భోంచేయడం. కవరు మంచిదే. కానీ ఈ ఐదింటి పని అది ఒక్కటే చేయలేదు.

హెబ్రీలో అర్పణకు వాడే మాట కొర్బాను. దాని మూలంలో దగ్గరికి రావడం అనే అర్థం ఉంది. అర్పణ తెచ్చేవాడు దేవునికి దగ్గరగా వస్తున్నాడు. విచిత్రం ఏమిటంటే, మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు గద్దించింది ఈ మాట చుట్టూ జరిగిన మోసాన్నే. అమ్మానాన్నలకు ఖర్చు పెట్టాల్సిన డబ్బును కొర్బాను అని ప్రకటించి, వాళ్లను పట్టించుకోకుండా తప్పించుకునేవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. ఊళ్లో ఉన్న అమ్మకు మందులు కొనకుండా మందిరానికి మైకు సెట్టు కొనిపెట్టే కొడుకు ఈ అధ్యాయాన్ని ముందు చదవాలి.

మొదలుపెట్టే ముందు

యెరూషలేము దేవాలయాన్ని రోమా సైన్యం క్రీ.శ. 70లో నాశనం చేసింది. ఆ బలిపీఠం ఇప్పుడు లేదు. క్రైస్తవులు జంతుబలి అర్పించకపోవడానికి అసలు కారణం మాత్రం అది కాదు. క్రీస్తు తన శరీరాన్ని ఒక్కసారే అర్పించాడని, ఇక పాపం కోసం మరో బలి అక్కర్లేదని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి కింద రాసినవేవీ క్షమాపణ కొనుక్కునే మార్గాలు కావు. క్షమాపణ పొందినవాళ్లు ఆ క్షమాపణలో ఎలా బతకాలో నేర్చుకునే అభ్యాసాలు మాత్రమే. కొత్త నిబంధన కూడా బలుల భాషను వదిలేయలేదు. రోమా 12:1 మన శరీరాల్ని సజీవ యాగంగా అర్పించమంటుంది. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత పంపిన సహాయాన్ని పౌలు సువాసన అన్నాడు. అది లేవీయకాండం దహనబలి పొగ గురించి చెప్పే మాటే.

ఇంకో జాగ్రత్త. "ఇంత విత్తితే ఇంత కోస్తావు" అని లెక్కలు చెప్పి పేదవాళ్ల చేత అప్పు చేయించి కానుక వేయించేవాళ్లు ఉన్నారు. లేవీయకాండం నడిచే దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దహనబలికి ఎద్దు తేలేనివాడు గొర్రెనో మేకనో తెస్తాడు, అదీ లేనివాడు పావురాన్నో గువ్వనో తెస్తాడు. పాపపరిహారార్థబలికి రెండు పక్షులు కూడా కొనలేనివాడు ఏఫాలో పదో వంతు పిండి తెస్తే చాలు, అంటే సుమారు 2 లీటర్ల డబ్బా నిండేంత. యేసును మందిరానికి తెచ్చిన రోజు మరియ యోసేపులు అర్పించింది కూడా పేదల అర్పణే, రెండు పక్షులు. మీ ఇంట్లో లేనిదాన్ని దేవుడు అడగడం లేదు.

ఇప్పుడు ఒక నోటుబుక్కు తీసుకోండి. లేవీయకాండం 1 నుంచి 7 వరకు రోజుకో అధ్యాయం చొప్పున ఒక వారం చదవండి. పేజీని రెండుగా గీసి, ఒక పక్క అర్పించేవాడు చేసిన పనులు, రెండో పక్క యాజకుడు చేసిన పనులు రాయండి. మొదటి అధ్యాయంలోనే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. పశువును తెచ్చేది, దాని తల మీద చెయ్యి ఉంచేది, వధించేది, చర్మం ఒలిచేది, ముక్కలు కోసేది, లోపలి భాగాలు, కాళ్లు కడిగేది అర్పించేవాడే. డబ్బు కట్టి, పక్కన నిలబడి చూసే పని కాదు అది.

చదివేటప్పుడు ఒక పని మాత్రం చేయకండి. నూనె అంటే ఇది, సాంబ్రాణి అంటే అది అని ప్రతి వస్తువుకూ ఒక అర్థం అంటించుకుంటూ పోకండి. పులిసిన పిండి అంటే ఎప్పుడూ పాపమే అని చాలా ప్రసంగాల్లో విన్నాం. కానీ 7:13లో కృతజ్ఞతా బలితో పాటు పులిసిన రొట్టెలు తెమ్మని దేవుడే చెప్పాడు. ముందు ఆ మనిషి ఏం చేశాడో చూడండి, అర్థం అక్కడ దొరుకుతుంది.

వరస ముఖ్యం

లేవీయకాండం 1 నుంచి 5 అధ్యాయాల్లో బలులు రాసిన వరస ఒకటి: దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. నిజంగా అర్పించిన వరస వేరు. 9వ అధ్యాయంలో ప్రధాన యాజకుడు అహరోను మొదటిసారి సేవ మొదలుపెట్టినప్పుడు ముందు పాపపరిహారార్థబలి, తర్వాత దహనబలి, నైవేద్యం, చివరికి సమాధానబలి. సంఖ్యాకాండం 6లో నాజీరు (మొక్కుబడితో తనను దేవునికి ప్రత్యేకించుకున్నవాడు) మొక్కుబడి దగ్గర ఇది ఇంకా స్పష్టం. జాబితాలో దహనబలి పేరు ముందు ఉన్నా, యాజకుడు అర్పించేటప్పుడు పాపపరిహారార్థబలే ముందు. లేవీయకాండం 14వ అధ్యాయంలో బాగుపడిన కుష్ఠరోగి విషయంలోనైతే అన్నిటికంటే ముందు అపరాధపరిహారార్థబలి.

అంటే చెడిపోయినదాన్ని బాగుచేసుకోవడం ముందు, సమర్పణ తర్వాత, విందు చివర. మనం చాలాసార్లు తలకిందులుగా చేస్తాం. కృతజ్ఞతా కూడిక ఘనంగా పెడతాం, తమ్ముడితో మాట్లాడి మాత్రం నాలుగేళ్లవుతుంది. అందుకే ఈ ఐదు అడుగులూ అర్పించిన వరసలోనే రాస్తున్నాను.

మొదటి అడుగు: బాకీ తీర్చడం (అపరాధపరిహారార్థబలి)

దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మన సంఘాల్లో దాదాపు మరిచిపోయినది ఇదే.

లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లో ఉన్న తప్పుల జాబితా చూడండి. దాచమని ఇచ్చిన వస్తువు విషయంలో అబద్ధమాడడం, దోచుకోవడం, పొరుగువాణ్ని పీడించడం, దొరికిన వస్తువు దొరకలేదని ఒట్టేయడం. అన్నీ పొరుగువాడి సొమ్ముకు సంబంధించినవే. అయినా బైబిలు దీన్ని యెహోవాకు చేసిన ద్రోహం అంటుంది. పరిష్కారంలో మూడు భాగాలు ఉన్నాయి: తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి, ఆ తర్వాత పొట్టేలును తేవాలి. పొరుగువాడికి చేరకుండా దేవుని దగ్గరికి రావడానికి అడ్డదారి లేదు. అర్పణను బలిపీఠం ముందే వదిలి, వెళ్లి సహోదరుడితో సమాధానపడి రమ్మని మత్తయి 5లో యేసు చెప్పింది ఇదే వరస.

ఐదో వంతు ఎందుకు? నిర్గమకాండం 22 ప్రకారం దొంగ పట్టుబడితే రెట్టింపు కట్టాలి. దొంగిలించిన గొర్రెను అమ్మేసినా చంపేసినా నాలుగింతలు. తనంతట తాను ఒప్పుకుని వచ్చినవాడికి ఐదో వంతే. ఒప్పుకోవాలని మనసు కదిలినవాడికి దారి కష్టం కాకూడదని ధర్మశాస్త్రం చూసుకుందని నాకనిపిస్తుంది. యేసును ఇంటికి చేర్చుకున్న పన్నుల అధికారి జక్కయ్య మాత్రం ఆ తేలిక దారి తీసుకోలేదు, నాలుగింతలు ఇస్తానన్నాడు.

ఆచరణ ఇలా. ఒక సాయంత్రం ఒంటరిగా కూర్చుని జాబితా రాయండి. చేబదులు తీసుకుని మరిచిపోయినవి, చీటీ డబ్బుల్లో ఎగ్గొట్టినవి, ఆఫీసు బిల్లుల్లో ఎక్కువ రాసుకున్నవి, పనిమనిషి జీతంలో అన్యాయంగా కోసినవి, ఆస్తి పంపకంలో అక్కచెల్లెళ్లకు రావాల్సింది రాకుండా చేసినవి. ప్రతి దాని పక్కన పేరు, మొత్తం, ఐదో వంతు రాయండి. 5,000 అయితే 1,000 కలిపి 6,000. అన్నీ ఒకేసారి తీర్చలేకపోతే చిన్నదానితో మొదలుపెట్టండి, కానీ తేదీ రాసుకోండి.

వీలైనంతవరకు స్వయంగా వెళ్లండి. ఫోన్లో డబ్బు పంపి ఊరుకుంటే అది బాకీ చెల్లింపు అవుతుంది, ఒప్పుకోలు అవదు. మాటలు పొట్టిగా ఉండాలి. మా పెద్దమ్మ కొడుకు దగ్గర పదేళ్ల కిందట 15,000 తీసుకుని 10,000 ఇచ్చాను. మిగతాది గురించి ఇద్దరం ఎత్తలేదు. ఈ అధ్యాయం చదివాక వాళ్లింటికి వెళ్లి, "అన్నా, నీకింకా ఐదువేలు ఇవ్వాలి. నువ్వు అడగట్లేదు కదా అని ఊరుకున్నాను, తప్పు నాదే. ఇవి ఆరువేలు, తీసుకో" అన్నాను. "ఆ సంగతి నేనెప్పుడో మర్చిపోయాన్రా" అన్నాడు. కాసేపాగి, "మర్చిపోలేదులే. మీ గృహప్రవేశానికి రాకపోవడం అందుకే" అన్నాడు. ఆరేళ్లుగా వాళ్లకు మా మీద ఎందుకు కోపమో తెలియక మా ఇంట్లో పెట్టుకున్న టెన్షన్ అంతా ఆ ఒక్క మాటతో అర్థమైంది.

"అప్పుడు నా పరిస్థితి బాగోలేదు" అని మొదలుపెట్టకండి. "నువ్వు కూడా అప్పట్లో" అని అసలే అనకండి. ఎదుటివాళ్లు క్షమించకపోతే బతిమాలకుండా ఇవ్వాల్సింది ఇచ్చి వచ్చేయండి. క్షమించడం వాళ్ల చేతిలో ఉంది, ఇవ్వడం మన చేతిలో ఉంది.

ఆ మనిషి చనిపోయి ఉంటే? దగ్గరి బంధువుకు ఇవ్వాలి, ఆ బంధువు కూడా లేకపోతే అది యెహోవాదై యాజకుడికి చేరాలి అన్న అర్థంతో సంఖ్యాకాండం 5:8 చెబుతుంది. ఇప్పుడైతే ముందు ఆ కుటుంబాన్ని వెతకండి, ఎవరూ లేకపోతే అవసరంలో ఉన్నవాళ్లకు ఇవ్వండి.

డబ్బు కాకుండా పేరు చెడగొట్టిన సందర్భం ఉంటుంది. ఎవరి గురించైనా లేనిపోనివి చెప్పి ఉంటే, ఎవరెవరికి చెప్పారో వాళ్లందరి దగ్గరికీ వెళ్లి "నేను చెప్పింది నిజం కాదు" అనాలి. నా దృష్టిలో ఐదో వంతు అంటే, ఆ మనిషి గురించి మీకు తెలిసిన ఒక నిజమైన మంచి మాట కూడా అక్కడే చెప్పడం.

మీ ఒప్పుకోలు వల్ల మూడో మనిషికి హాని జరిగేలా ఉంటే, ముందు నమ్మకమైన ఒక పెద్దతో మాట్లాడండి. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: ఈ బలి తెచ్చేది తప్పు చేసినవాడు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లతో "నువ్వే సర్దుకుపో, అదే నీ బలి" అనేవాళ్లు లేవీయకాండం చదవలేదని అర్థం.

రెండో అడుగు: తెలియక చేసినవి (పాపపరిహారార్థబలి)

లేవీయకాండం 4వ అధ్యాయంలో "పొరబాటున" అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. అంటే తెలియక చేసినదానికీ బాధ్యత ఉంది. ఇంకో సంగతి, మనిషి స్థానాన్ని బట్టి బలి మారుతుంది. అభిషిక్తుడైన యాజకుడు తప్పు చేసినా సమాజమంతా తప్పు చేసినా కోడెదూడే. అధికారికి మగమేక. సామాన్యుడికి ఆడమేక లేదా ఆడ గొర్రెపిల్ల. యాజకుడి పొరబాటు సమాజం మొత్తం పొరబాటంత బరువు. సంఘంలో మైకు పట్టుకునేవాళ్లం, సండేస్కూలు చెప్పేవాళ్లం, ఇంటి పెద్దలం ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి.

5వ అధ్యాయం మొదట్లో మూడు ఉదాహరణలు ఉన్నాయి. వాటిలో రెండు మనకు బాగా దగ్గర. ఒకటి, సాక్ష్యం చెప్పాల్సిన చోట మౌనంగా ఉండడం. రెండోది, ఆలోచించకుండా ఒట్టేసి మరిచిపోవడం. "తప్పకుండా ప్రార్థన చేస్తానండి" అని వాట్సాప్‌లో పెట్టి చేయనివి ఎన్ని ఉన్నాయో చూసుకోండి.

వారానికి ఒకసారి, శనివారం రాత్రి అయితే మంచిది, పదిహేను నిమిషాలు కూర్చోండి. ఆ వారంలో మాట్లాడాల్సిన చోట నోరు మూసుకున్న సందర్భం ఉందా? ఇచ్చి మరిచిన మాట ఉందా? మీకు తెలియకుండా ఎవర్నైనా నొప్పించారా? మూడో ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లను అడగండి. "ఈ వారం నా వల్ల బాధపడ్డావా?" అని భార్యనో భర్తనో పిల్లల్నో అడిగి, జవాబు వచ్చాక వాదించకుండా వినండి. ఏ తప్పో పేరు పెట్టి ఒప్పుకోవాలని 5:5 చెబుతుంది. "ప్రభువా, మా పాపాలన్నీ క్షమించు" అని ఒక్క మాటలో చుట్టేయకండి.

మూడో అడుగు: పూర్తిగా ఇచ్చేయడం (దహనబలి)

హెబ్రీలో దీని పేరుకు పైకి వెళ్లేది అని అర్థం. మాంసమంతా బలిపీఠం మీద కాలి పొగగా పైకి పోతుంది. తెచ్చినవాడికి ఒక్క ముక్క కూడా రాదు, చర్మం ఒక్కటే యాజకుడికి దక్కుతుంది. రోజూ ఉదయం ఒక గొర్రెపిల్ల, సాయంత్రం ఒక గొర్రెపిల్ల దహనబలిగా అర్పించాలని నిర్గమకాండం 29 చెబుతుంది. రోజు రెండు చివర్లూ దేవునివే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది లేవీయకాండం 6వ అధ్యాయంలోని బూడిద. తెల్లవారగానే యాజకుడు నార బట్టలు వేసుకుని రాత్రి కాలిన బూడిదను ఎత్తి బలిపీఠం పక్కన పెట్టాలి. తర్వాత బట్టలు మార్చుకుని దాన్ని పాళెం (ఇశ్రాయేలీయుల గుడారాల విడిది) బయటికి మోసుకెళ్లాలి. ఉదయం ఉదయం కట్టెలు పేర్చాలి. నిప్పు ఆరిపోకూడదు. నిన్నటి బూడిద తీయకపోతే ఇవాళ్టి మంట సరిగా మండదని కట్టెలపొయ్యి మీద వండిన మా అమ్మమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ఉదయం ప్రార్థన రెండు భాగాలుగా చేయండి. మొదటి ఐదు నిమిషాలు బూడిద తీయడం: నిన్నటి గొడవ, నిన్నటి ఓటమి, నిన్నటి మెప్పు కూడా, పేరు పెట్టి చెప్పి పక్కన పెట్టడం. నిన్న బాగా ప్రార్థించాను కదా అన్న తృప్తి కూడా బూడిదే. తర్వాత ఇవాళ్టి కట్టె: ఒక కీర్తన, ఒక వాక్యభాగం. ఆ తర్వాత శరీరాన్ని అప్పగించండి, భాగం భాగంగా. ఇవాళ ఈ కళ్లు ఏం చూడాలి, ఈ నోరు ఎవరితో ఎలా మాట్లాడాలి, ఈ చేతులు ఏ పని చేయాలి. గొర్రెను ముక్కలుగా కోసి అర్పించినట్టే. ఫోన్ ముట్టుకోకముందే ఇది అయిపోవాలి. సాయంత్రం మళ్లీ ఐదు నిమిషాలు చాలు.

వారానికొకసారైనా తిరిగి రానిది ఏదైనా చేయండి. పేరు రాదు, ఫొటో ఉండదు, థాంక్స్ కూడా రాకపోవచ్చు. ఆసుపత్రిలో తోడు లేని రోగి పక్కన ఒక రాత్రి కూర్చోవడం అలాంటిది.

నాలుగో అడుగు: చేతిపనిలో గుప్పెడు (నైవేద్యం)

రక్తం లేని అర్పణ ఇది. మెత్తని గోధుమపిండి, నూనె, సాంబ్రాణి. పొయ్యిలో కాల్చినా, పెనం మీద చేసినా, కుండలో వండినా పర్వాలేదు. దున్ని, కోసి, దంచి, జల్లించి చేసిన పని ఇందులో ఉంటుంది. యాజకుడు ఒక గుప్పెడు తీసి జ్ఞాపకార్థంగా కాల్చుతాడు, మిగతాది యాజకుల భోజనం.

ఆ గుప్పెడు మన దేశంలో ఇంకా బతికే ఉంది. మిజోరంలో క్రైస్తవ కుటుంబాలు వంట చేసే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి సంఘం కోసం పక్కన పెట్టే అలవాటు 1910 నుంచి నడుస్తోంది. మా అమ్మ కూడా అన్నం ఎసట్లో వేసేముందు ఒక పిడికెడు బియ్యం డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ డబ్బా ఒక విధవరాలి ఇంటికి చేరేది. మీ ఇంట్లో ఇవాళే ఒక డబ్బా పెట్టండి. పిల్లల చేత వేయించండి. కవరులో నోటు పెట్టడం కంటే పిల్లలకు ఇది బాగా గుర్తుంటుంది.

పనిలో కూడా గుప్పెడు తీయొచ్చు. టైలరు నెలకు ఒక బట్ట ఉచితంగా కుట్టొచ్చు. ట్యూషన్ చెప్పేవాళ్లు ఫీజు కట్టలేని ఒక పిల్లను చేర్చుకోవచ్చు. షరతు ఒకటే, మెత్తని పిండి అయి ఉండాలి. గుడ్డిదీ కుంటిదీ అర్పిస్తారా, దాన్ని మీ అధికారికి ఇచ్చి చూడండి అని మలాకీ 1:8 అడుగుతుంది. డబ్బు ఇచ్చేవాళ్లకు ఎంత శ్రద్ధగా చేస్తారో ఉచితంగానూ అంతే శ్రద్ధగా చేయండి.

ఉప్పు లేకుండా నైవేద్యం పెట్టకూడదని లేవీయకాండం 2:13 చెబుతుంది, అది నిబంధన ఉప్పు, అంటే దేవుడు తన ప్రజలతో చేసుకున్న ఒడంబడిక ఉప్పు. తేనె, పులిసిన పిండి కాల్చకూడదు. ఎందుకో అక్కడ రాయలేదు కాబట్టి నేనూ చెప్పను. ఉప్పు మాత్రం నిబంధనను గుర్తుచేస్తుంది కనుక, మొదలుపెట్టిన డబ్బాను మూడో నెలలో ఆపకండి.

ఐదో అడుగు: కలిసి భోంచేయడం (సమాధానబలి)

అర్పించినవాడు కూడా తినే బలి ఇదొక్కటే. కొవ్వు దేవునికి, బోర, కుడి జబ్బ యాజకులకు, మిగతాది ఇంటికి. కృతజ్ఞత కోసం అర్పిస్తే ఆ మాంసం ఆ రోజే తినేయాలి. మొక్కుబడి అయితే రెండో రోజు కూడా తినొచ్చు, మూడో రోజుకు మిగిలింది కాల్చేయాలి. ఒక పశువు మాంసం ఒక్క రోజులో ఒక్క కుటుంబం తినగలదా? పదిమందిని పిలవక తప్పదు. పిసినారితనానికి చోటు లేకుండా చట్టమే చేసిందనిపిస్తుంది.

తెలుగు ఇళ్లలో కృతజ్ఞతా కూడికలు దీనికి చాలా దగ్గర. ఉద్యోగం వచ్చినా, బిడ్డ పుట్టినా, ఆపరేషన్ బాగా జరిగినా కూడిక పెట్టి భోజనం పెడతాం. దాన్ని సమాధానబలిగా మార్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తేదీ ఖాయం చేసేముందు మొదటి అడుగులో రాసిన జాబితా మళ్లీ తీయండి. మాటలు లేని బంధువు ఉంటే ముందు వాళ్లింటికి వెళ్లి రండి, తర్వాత పిలవండి. పిలిచేవాళ్లలో తిరిగి మిమ్మల్ని పిలవలేనివాళ్లు కనీసం మూడో వంతు ఉండాలి. మందిరం ఊడ్చే ఆమెను, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబాన్ని అందరితో పాటు అదే వరసలో కూర్చోబెట్టి వడ్డించండి. ప్రసంగం పదిహేను నిమిషాలు దాటకూడదని పాస్టరు గారికి ముందే మర్యాదగా చెప్పండి. దేవుడు ఏం చేశాడో ఇంటివాళ్లే సొంత మాటల్లో చెప్పాలి, ఆ సాక్ష్యమే ఆ రోజు కొవ్వు.

వంట మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టకండి. అందరూ వెళ్లకముందే పొట్లాలు కట్టి ఎవరి ఇంటికి ఏది వెళ్లాలో చెప్పండి. రాత్రి గిన్నెలు తోమేసరికి ఇంట్లో ఏమీ మిగలకూడదు.